మాస్ క్యాజువాలిటీ మాక్ డ్రిల్‌ల అబ్జర్వర్‌గా వేస్తే ఏం చూడాలె, ఏం రాయాలె

చెల్లె, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. హన్మకొండల 150 పడకల హాస్పిటల్, వచ్చే నెల మాస్ క్యాజువాలిటీ (ఒక్కసారే శానా మంది దెబ్బలోళ్లు వచ్చుడు) మాక్ డ్రిల్, బస్సు బోల్తా పడ్డట్టు 30 మంది పేషెంట్లు, నువ్వు క్వాలిటీ సెక్షన్‌ల ఉన్నవ్ కాబట్టి నిన్ను ఎవాల్యుయేటర్‌గా వేసిన్రు, చేతిల నాలుగు పేజీల టిక్కుల ఫారం పెట్టిన్రు, "వందకు ఎన్ని మార్కులు ఎట్ల ఇయ్యాలె అక్కా" అని అడిగినవ్. నేను 26 ఏళ్లు క్యాజువాలిటీల చేసిన, అండ్ల 9 ఏళ్లు హెడ్ సిస్టర్‌గా, ఇప్పుడు నర్సింగ్ కాలేజీల పాఠాలు చెప్తున్న, వరంగల్ నుంచి రామగుండం దాక ఎక్కడ డ్రిల్ పెట్టినా అబ్జర్వర్‌గా పిలుస్తుంటరు, పోతుంట. సూటిగ చెప్తా, మార్కుల ముచ్చట ఇడిసిపెట్టు. స్టాఫ్ ఎంత ఉరికిన్రు, ఎంత చెమటలు కక్కిన్రు అనేది నీకు సంబంధం లేదు, పేషెంట్‌కు ఏ నిమిషంల ఏం అందింది, ఏం అందలే, గది ఒక్కటే రాయి. మిగతాదంత దాన్నించే ఎల్తది.

ఎందుకంటే డ్రిల్ అంటే మన కాడ సగం పెండ్లే. ముందురోజే శామియానా వేస్తరు, బ్యానర్ కడ్తరు, ఫొటోగ్రాఫర్ వస్తడు, ఆ రోజు ఓటీల (ఆపరేషన్ థియేటర్ల) ముందే అనుకున్న ఆపరేషన్లు పెట్టరు, సర్జన్లు తెల్ల కోట్లు ఇస్త్రీ చేసుకోని రెడీగ నిలబడ్తరు, పొద్దుగాల పదిన్నరకు సైరన్ అంటే పది గంటలకే స్ట్రెచర్లు గేటు కాడ లైన్ల ఉంటయి. నేను పనిచేసిన ఒక దవాఖానల (పేరు ఎందుకులే) నా మొదటి డ్రిల్ గట్లనే అయింది, 12 నిమిషాలల్ల అందరినీ సర్దినం, రిపోర్టుల "అత్యుత్తమం" అని రాసిన్రు, రాసినోళ్లల్ల నేను గూడ ఉన్న. రెండు నెలలు కాలేదు, రాత్రి ఎనిమిదింటికి ట్రాలీ ఆటోను లారీ గుద్దింది, కూలికి పోయొస్తున్న 17 మంది ఒక్కసారే వచ్చిన్రు. స్ట్రెచర్లు ఉన్న రూముకు తాళం, తాళంచెవి డే డ్యూటీ బ్రదర్ జేబుల, ఆయన పర్కాలల. ఫోన్ లిస్టుల ఉన్న ఆర్థో సార్ నంబరు ఆయన ఎప్పుడో మార్చిండు. రెండు స్ట్రెచర్లకు చక్రాలు తిరగవ్. డ్రిల్ రోజు ఇవన్ని ఎందుకు కనిపించలే అంటే మేం చూడాల్సిన కాడ చూడలే, ఉరుకుడు చూసి సంబురపడ్డం.

ముందు గడియారం సంగతి. అబ్జర్వర్లందరు పొద్దున ఒక కాడ నిలబడి ఫోన్లల్ల టైం ఒక్కటే ఉందా అని చూసుకోండ్రి, గోడ గడియారాన్ని నమ్మొద్దు, మా క్యాజువాలిటీ గడియారం 7 నిమిషాలు ముందట ఉండేది, దాన్ని చూసి రాసిన టైములూ ఓటీల రాసిన టైములూ కలిపితే పేషెంట్ బయల్దేరకముందే చేరిండు అని వచ్చింది. సున్నా నిమిషం అంటే సైరన్ మోగినప్పుడు కాదు, బయటి నుంచి మొదటి ఫోన్ వచ్చినప్పుడు. ఆ ఫోన్ ఎత్తింది ఎవరు, రిసెప్షన్ పిల్లనా, సెక్యూరిటీనా, ఆ మనిషి ఎవరికి చెప్పిన్రు, "ఇది మాస్ క్యాజువాలిటీ" అని పెద్ద నిర్ణయం ఎవరు ఎన్ని నిమిషాలకు తీసుకున్నరు, శానా చోట్ల డ్యూటీ డాక్టర్‌కు ఆ అధికారం ఉందా లేదా అన్నదే తెల్వదు, సూపరింటెండెంట్ సార్ ఫోన్ ఎత్తే దాక ఆగుతరు. ఆ తర్వాత గేటు కాడ ట్రయాజ్ (ఎవరికి ముందు వైద్యం కావాలె అని వేరుచేసుడు) చేసే మనిషి నిలబడ్డ టైం, మొదటి పేషెంట్ గేటుకు వచ్చిన టైం, రంగు ట్యాగ్ పడ్డ టైం (ఎరుపు అంటే వెంటనే చూడాల్సినోళ్లు, పసుపు జర ఆగగలిగినోళ్లు, ఆకుపచ్చ చిన్న దెబ్బలోళ్లు, నలుపు పోయినోళ్లు), ఎరుపు ఏరియాకు చేరిన టైం, డాక్టర్ చెయ్యి పడ్డ టైం, రక్తం అడిగిన టైం, రక్తం సంచి మంచం కాడికి వచ్చిన టైం, సీటీకో ఓటీకో కదిలిన టైం. రక్తం కాడ జర గట్టిగ నిలబడు, డ్రిల్‌ల అందరు "బ్లడ్ పంపినం" అని నోటితోనే చెప్పేస్తరు, నువ్వు నిజంగ శాంపిల్ బాటిల్ ఇచ్చి నడుచుకుంట పోయి రమ్మను, లిఫ్ట్ రాక మనిషి మెట్ల మీద ఎట్ల ఉరుకుతడో అప్పుడు తెలుస్తది.

ఇగ ట్రయాజ్. మన దగ్గర ఎక్కువగ స్టార్ట్ పద్ధతే నేర్పుతరు, 1983ల కాలిఫోర్నియాల న్యూపోర్ట్ బీచ్ ఫైర్ డిపార్ట్‌మెంటోళ్లు, హోగ్ హాస్పిటలోళ్లు కలిసి తయారుచేసింది. నడవగలిగినోళ్లు ఇటు రండి అంటే నడిచొచ్చినోళ్లు ఆకుపచ్చ. మిగిలినోళ్లల్ల ఊపిరి ఆడకపోతే తల సరిచేసి శ్వాసదారి తెరిచి చూడాలె, అయినా ఆడకపోతే నలుపు, ఆడితే ఎరుపు. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు, మణికట్టు కాడ నాడి అందకపోతే ఎరుపు, "నా చెయ్యి పట్టుకో" అంటే పట్టుకోకపోతే ఎరుపు, ఇండ్ల ఏదీ లేకపోతే పసుపు, ఒక్కొక్కళ్లకు నిమిషం లోపే అయిపోవాలె. పిల్లలకు ఇదే లెక్క పెట్టొద్దు, వాళ్లకు జంప్‌స్టార్ట్ అని వేరే ఉంది, అండ్ల ఊపిరి 15 కంటె తక్కువైనా 45 దాటినా ఎరుపు, ఊపిరి ఆడకున్నా నాడి ఉంటే ఐదు శ్వాసలు ఇచ్చి చూస్తరు. మీ బస్సుల స్కూల్ పిల్లలను పెడ్తే ఇది గుర్తుంచుకో.

దీన్ని ఎట్ల ఎవాల్యుయేట్ చెయ్యాలె అంటే, డ్రిల్‌కు ముందే ప్రతి పేషెంట్‌కు సరైన రంగు ఏందో ఒక కాగితం మీద రాసి కవర్‌ల పెట్టి సీల్ వెయ్యి, డ్రిల్ అయినంక పడ్డ ట్యాగులతోటి పోల్చు. ఉదాహరణకు 30 మందిల నిజంగ ఎరుపు 6 మంది అనుకో. టీం 9 మందికి ఎరుపు కట్టిన్రు, అండ్ల సరైనోళ్లు 4. అంటే ఇద్దరు ఎరుపోళ్లు పసుపులనో ఆకుపచ్చలనో కూసున్నరు, ఇది అండర్ ట్రయాజ్, 6ల 2. ఎరుపు కట్టిన 9 మందిల 5 మందికి అవసరం లేదు, ఇది ఓవర్ ట్రయాజ్. "30ల 23 కరెక్ట్, 77 శాతం" అని మాత్రం రాయకు, ఆ అంకె రెండు తప్పులను ఒక్క కాడ కలిపి దాచిపెడ్తది. అండర్ ట్రయాజ్ 5 శాతం లోపు ఉండాలని అమెరికన్ సర్జన్ల కాలేజీ లెక్క ఒకటి ఉంది గని 6 మంది ఉన్న కాడ ఒక్కడు తప్పితేనే 17 శాతం అయితది, గంత చిన్న డ్రిల్‌కు శాతాలు పెట్టుడే తప్పు. "ఆరుగురిల ఇద్దరిని వదిలిపెట్టిన్రు, ఒకడు 22 నిమిషాలు పసుపుల ఉన్నడు, వానికి కడుపుల రక్తం కారుతున్నట్టు కార్డు మీద ఉంది, ఎవరూ మళ్ల చూడలే" అని రాయి, ఎండీ సార్ గూడ కూసోని చదువుతడు.

ఓవర్ ట్రయాజ్ అయితే ఏమైతది, ఎక్కువ జాగ్రత్తే కదా అని మా స్టూడెంట్స్ అడుగుతరు. కాదు. ఫ్రైక్‌బర్గ్ అనే సర్జన్ బాంబు పేలుళ్ల ఘటనలు కొన్ని పక్కపక్కన పెట్టి 2002ల చూపించిండు, ఓవర్ ట్రయాజ్ ఎక్కువైన కాడ నిజంగ సీరియస్‌గ ఉన్నోళ్ల చావులు గూడ ఎక్కువైనయి. నాలుగే వెంటిలేటర్లు ఉన్న కాడ తొమ్మిది మంది ఎరుపోళ్లు ఉంటే ఏమైతదో నీకు చెప్పాల్నా. అందుకే ట్యాగు ఒక్కసారి కట్టి ఇడిసిపెట్టుడు కాదు, మళ్ల మళ్ల చూసిన్రా లేదా అన్నది రాయి. దానికి ఒక చిట్కా, పేషెంట్‌గ చేసే పిల్లల మెడల కార్డు రెండు మడతలు పెట్టు, పైన మొదటి నాడి, ఊపిరి, బీపీ, లోపల "15 నిమిషాలల్ల ఎవరూ సెలైన్ పెట్టకపోతే ఈ పేజీ తిప్పు" అని, తిప్పితే కండిషన్ దిగజారిన అంకెలు ఉండాలె. ఆ పేజీ తిరిగి వాడు ఎరుపు అయినంక ఎన్ని నిమిషాలకు కనిపెట్టిన్రు అన్నది మొత్తం డ్రిల్‌ల నాకు అన్నింటికన్నా ముఖ్యమైన అంకె.

ఇంకోటి, పేషెంట్లు ఎట్ల వస్తరు అన్నది. డ్రిల్‌ల 108లు ఒక్కొక్కటి వరుసగ వస్తయి, ఒక్కో దాంట్ల ఇద్దరు, మెడకు పట్టీలు కట్టుకోని. 108 మనకు 2005 నుంచి ఉంది, మంచిగనే పనిచేస్తది, గని బస్సు బోల్తా పడ్డ కాడ ఊరోళ్లు ఆగుతరా, ఆటోల, డీసీఎంల, పోలీస్ జీపుల, ఎవరికి ఏది దొరికితే అండ్ల ఎక్కిస్తరు. తక్కువ దెబ్బలోళ్లు ముందు దిగుతరు, మంచాలన్ని వాళ్లతోటి నిండుతయి, అరగంటకు అసలైనోళ్లు వస్తే జాగ ఉండదు. ఇది మన కాడనే కాదు, 1995ల టోక్యో మెట్రోల సారిన్ గ్యాస్ వదిలిన రోజు సెయింట్ లూక్స్ హాస్పిటల్‌కు ఒక్క దినంల 640 మంది వచ్చిన్రు, శానా మంది సొంతంగనే, నడిచో ట్యాక్సీలల్లనో. అక్కడ ఇంకో గోస, బట్టల మీద గ్యాస్ అంటుకున్నోళ్లు నేరుగ లోపలికి వచ్చుడుతోటి చూసిన డాక్టర్లకు నర్సులకు గూడ కండ్లు మండినయి. అందుకే ఐదుగురు ఆకుపచ్చోళ్లను ట్యాగు లేకుంట ఆటోల ఓపీ గేటు నుంచి పంపు, ఎవరికీ చెప్పకు. ఓపీల ఉన్న సిస్టర్ వాళ్లను ఏం చేస్తదో చూడు, చీటి రాయించుకోని లైన్ల నిలబడమంటదేమో.

గ్యాస్ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్న, ఈసారి బస్సే గని వచ్చేసారి అమ్మోనియా పెట్టమని మీ వాళ్లకు చెప్పు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నయో నీకు తెలుసు, ఐస్ ఫ్యాక్టరీలు సరేసరి, అమ్మోనియా తోటి నడిచే దాంట్ల పైపు పగిలితే కూలోళ్లంత మీ గేటుకే వస్తరు. 1989 ప్రమాదకర రసాయనాల రూల్స్ కిందికి వచ్చే ఫ్యాక్టరీలు లోపలి డ్రిల్ ఆర్నెల్లకొకసారి పెట్టాలె, బయటి ప్లాన్ రిహార్సల్ ఏడాదికొకసారి కావాలె, ఆ డ్రిల్లుల్ల నేను చూసింది ఏందంటే ఫ్యాక్టరీ గేటు దాక అద్భుతం, అంబులెన్స్ ఎక్కించినంక "డ్రిల్ సమాప్తం". ఆ పేషెంట్ హాస్పిటల్ ముందట బట్టలు ఎక్కడ ఇప్పాలె, నీళ్లు ఎక్కడివి, ఆడోళ్లకు పరదా ఉందా, ఇవి ఎవరూ చూడరు.

ఇగ డ్రిల్‌ల ఎప్పుడూ లేనోళ్లు, నిజంగ ఎప్పుడూ ఉండేటోళ్లు ఎవరు? సుట్టాలు. మన దిక్కు ఒక్కడికి కాలు ఇరిగితే ఇరవై మంది వస్తరు, ఊరి సర్పంచ్, కులపెద్దలు, ఫోన్‌ల వీడియో తీసే పోరడు, వెనుక నుంచి టీవీ మైకు. పది మంది స్టూడెంట్లను సుట్టాలుగ చెయ్యమను, ఏడ్వమను, ఎరుపు ఏరియాలకు చొరబడమను, ఒకామె "మా ఆయన పేరు లిస్టుల లేదు, ఉన్నడా పోయిండా చెప్పుండ్రి" అని అరగంట తిరగాలె. ఆమె ఎంతమందిని అడిగింది, ఏ నిమిషంల జవాబు దొరికింది అని ఒక అబ్జర్వర్ ఆమె వెంబడే తిరిగి రాయాలె. దీన్ని చూసి మా సీనియర్ డాక్టర్ ఒకాయన "ఇది మెడికల్ రెస్పాన్సా" అని నవ్విండు. నవ్వితే నవ్వనియ్యి, ఎరుపు ఏరియాల మంచానికి ఆరుగురు సుట్టాలు నిలబడ్డంక సెలైన్ పెట్టేది ఎట్లనో ఆయన చూపిస్తే నేను నేర్చుకుంట.

నలుపు ట్యాగు కాడ గూడ అంతే. 30 మందిల ఒక్కరో ఇద్దరో చనిపోయినట్టు పెడ్తరు, అదీ మొహమాటంగ, ఎందుకంటే నలుపు కట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. కొండగట్టు గుర్తుందా, 2018 సెప్టెంబర్ 11, ఘాట్ రోడ్ మీద ఆర్టీసీ బస్సు లోయల పడ్డది, ఎక్కాల్సినదానికన్నా శానా ఎక్కువ మంది ఉండె, 60 మందికి పైన పోయిన్రు. గసుంటిది జరిగితే మీ మార్చురీల జాగ ఎంత, పేరు తెల్వని శవానికి నంబర్ ఎవరు వేస్తరు, నగలు, పైసలు, ఫోన్లు ఎవరు సంచిల కట్టి సంతకం పెడ్తరు, పోలీస్ పంచనామా ఎక్కడ అయితది, ఇవి రాసి ఉన్నయా అని అడుగు. ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, పోలీసులకు తెలపాల్సింది) సంగతి గూడ ఇండ్లనే చూడు. యాక్సిడెంట్ కాబట్టి అందరూ ఎమ్మెల్సీ కేసులే, రిజిస్టర్ ఒక్కటే, రాసే డాక్టర్ ఒక్కడే, 30 మందికి గాయాల వివరాలు రాసుకుంట కూసుంటే వైద్యం ఎవరు చెయ్యాలె. ప్రాణం ముందు, రాతకోతలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989ల పరమానంద్ కటారా కేసులనే చెప్పింది, అయినా డ్రిల్‌ల గూడ పెన్ను పట్టుకోని ఆగిన డాక్టర్‌ను నేను చూసిన.

మాట ఎట్ల మారుతదో పట్టుకో. ఘటన కాడ నుంచి పంపే మెసేజ్‌ల ఇది పెద్ద ఘటన అనే ప్రకటన, సరిగ్గ ఎక్కడ, ఏం జరిగింది, ఇంకేం ప్రమాదం ఉంది, ఏ దారిల రావాలె, ఎంతమంది, ఎవరు వచ్చిన్రు ఎవరు రావాలె, ఈ ఏడు ఉండాలె, ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి మెథేన్ అని పేరు పెట్టి నేర్పుతరు. నువ్వు చేసేది చిన్న పని, మొదటి మనిషి ఏం చెప్పిండో అక్షరం పోకుంట రాసుకో, చివరి మనిషి ఏం విన్నడో అదీ రాసుకో. ఒక కాడ "పన్నెండు ఎరుపు" అని పోయింది, ఓటీకి చేరేసరికి "పన్నెండు మంది చనిపోయిన్రు" అయింది, వాళ్లు ఓటీ లైట్లు తీసేసిన్రు. వాట్సాప్ గ్రూపుల పెట్టినం అంటరు, ఎంతమందికి నీలం టిక్కులు పడ్డయో స్క్రీన్‌షాట్ తీసుకో. మేడారం జాతరకు డ్యూటీ పోయినోళ్లను అడుగు, అంత జనంల ఫోన్ కలవడమే గగనం, అప్పుడు మనిషినే ఉరికించాలె.

అబ్జర్వర్లను ఎంచుకునేటప్పుడు ఏ డిపార్ట్‌మెంటోళ్లను ఆ డిపార్ట్‌మెంట్ కాడ పెట్టకు. గేటు, ఎరుపు, పసుపు, ఓటీ-బ్లడ్ బ్యాంక్, కంట్రోల్ రూం, ఒక్కో కాడ ఒకళ్లు, ఇద్దరు మాత్రం స్థలం కాదు, ఒక్కో పేషెంట్ వెంబడి మొదటి నుంచి చివరి దాక పోవాలె. చేతులు కట్టుకోని ఉండుండ్రి, తప్పు కనిపిస్తే నోరు మూసుకోని రాసుకోండ్రి, ఇది నాకే శానా కష్టం, హెడ్ సిస్టర్ నోరు ఊకుంటదా. ఒక్కటి మాత్రం తప్పనిసరి, నిజంగ ఎవరికన్న ఏమన్న అయితే చెప్పేటందుకు ఒక మాట ముందే అనుకోండ్రి, మేం "అసలు, అసలు" అని పెట్టుకున్నం. ఎందుకంటే ఒకసారి మే నెల ఎండల పేషెంట్‌గ పండుకున్న స్టూడెంట్ నిజంగనే సొమ్మసిల్లింది, అబ్జర్వర్ సార్ ఫారం మీద "నటన చాలా సహజంగా ఉంది" అని రాసిండు. ఆ ఫారం నా కాడ ఇప్పటికీ ఉంది. క్యాజువాలిటీల ఉన్న అసలు పేషెంట్లకు గూడ ఒక డాక్టర్, ఇద్దరు సిస్టర్లు వేరేగ ఉండాలె, డ్రిల్ నడుస్తుంటే గుండెనొప్పి కేసు వస్తే అక్కడికక్కడ ఆపేయాలె.

అయిపోంగనే, టీ తాగకముందే, అందరినీ ఒక కాడ కూసోబెట్టి 20 నిమిషాలు మాట్లాడించు. మొదట వార్డ్ బాయ్, ఆయా, సెక్యూరిటీ, తర్వాత సిస్టర్లు, డాక్టర్లు, ఆఖరుకు సూపరింటెండెంట్. పెద్దసార్ ముందు "చాలా బాగా చేశారు" అన్నడంటే ఇగ ఎవరూ నోరు తెరువరు. పేషెంట్‌గ చేసిన పిల్లలను వేరేగ అడుగు, నీ పేరు ఎవరన్న అడిగిన్రా, నొప్పికి ఏమన్న ఇస్తమన్నరా, ఎంతసేపు ఒక్కదానివే ఉన్నవ్ అని. డాక్టర్ల ఫారాలల్ల దొరకనియ్యి వాళ్ల నోట్ల దొరుకుతయి.

ఫారం సంగతి. నాలుగు పేజీలది పారెయ్యకు, ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్లకు క్వాలిటీ గుర్తింపు ఇచ్చే బోర్డు) వాళ్లు వస్తే ఫైల్‌ల అడుగుతరు. 2004ల జాన్స్ హాప్కిన్స్ వాళ్లు హాస్పిటల్ డ్రిల్లులకు తయారుచేసిన ఫారాలు గూడ ఏరియా ఏరియాకు వేరేగనే ఉంటయి, కంట్రోల్, ట్రయాజ్, ట్రీట్‌మెంట్, కడిగే చోటు అని, మీరు గూడ మీ ఫారాన్ని గట్ల నాలుగు ముక్కలు చేసి పంచుండ్రి. మార్కుల జాగల "అయింది, సగం అయింది, కాలే" ఈ మూడే పెట్టు, పక్కన టైం. రిపోర్టుల ప్రతి లోపం ఎదురుంగ బాగుచేసే మనిషి పేరు, తారీఖు, ఎప్పుడు మళ్ల పరీక్షిస్తరు అన్నది లేకపోతే నేనైతే సంతకం పెట్టను, రెండు చోట్ల పెట్టలేదు, ఒక కాడ మళ్ల పిలువలేదు.

పెద్ద డ్రిల్‌కు ముందు ఒక పైసా ఖర్చు లేనిది ఒకటి చెయ్యుండ్రి. రాత్రి రెండింటికి ఫోన్ లిస్టుల ఉన్న అందరికీ కాల్ చెయ్యుండ్రి, రమ్మని కాదు, "ఎన్ని నిమిషాలల్ల రాగలరు" అని అడగడానికే. ఎత్తినోళ్లు ఎంతమంది, తప్పు నంబర్లు ఎన్ని, స్విచ్ ఆఫ్ ఎన్ని, పొద్దుగాల వరకు కాగితం రెడీ అయితది. తిట్లు వస్తయి, సూపరింటెండెంట్ సార్‌తోటి ముందే మాట్లాడి పెట్టుకో.

ఒకటి రాయలే నువ్వు, మీ ఎమర్జెన్సీకి గేట్లు ఎన్ని, ఆటో లోపలికి వచ్చి తిరిగి పోయేటందుకు జాగ ఉందా లేక వచ్చిన దారిలనే రివర్స్ పోవాల్నా, స్ట్రెచర్లు ఏ రూంల ఉంటయి, దాని తాళంచెవి రాత్రి ఎవరి కాడ. చేతితోటి బొమ్మ గీసి పంపు, ఏ అబ్జర్వర్‌ను ఎక్కడ నిలబెట్టాల్నో గుర్తులు పెట్టి పంపుత.